సాఫ్ట్‌వేర్‌కు రేటు కట్టిన ఆషాఢం

మా బాపు రేటు ఒక్కసారే చెబుతాడు. చేవెళ్లలో మాకు టెంట్‌హౌస్ ఉంది. పెళ్ళివాళ్ళు షామియానా కావాలని వస్తే, వాళ్ళను దుకాణంలో కూర్చోబెట్టి అంకె చెప్పే అలవాటు ఆయనకు లేదు. ముందు జాగ చూడాలంటాడు. అది వాళ్ళ వాకిలి కావచ్చు, పొలం కావచ్చు, మొయినాబాద్ పక్కన ఏదో ఫామ్‌హౌస్ కావచ్చు, అక్కడికే పోయి చుట్టూ తిరుగుతాడు. గుంజలు దిగే నేలా, బండరాయా అని మడమతో తొక్కి చూస్తాడు. సామాను తెచ్చే డీసీఎం బండి లోపలి దాకా వస్తుందా, గేటు దగ్గరే దించి మోయాలా అని అడుగుతాడు. వంట గంజులు ఎవరు తోముతారు, మన పనివాళ్ళకు అన్నం ఎవరు పెడతారు, వాన పడితే ఎట్లా, పెళ్ళయ్యాక టెంటు ఎప్పుడు విప్పాలి, అన్నీ అడుగుతాడు. వాళ్ళిచ్చిన చాయ్ తాగుతాడు. అప్పుడు ఒక అంకె చెబుతాడు. హమాలీ, డీజిల్, చిరిగే పర్దాలు, విరిగే కుర్చీలు, మాయమయ్యే చెంచాలు అన్నీ అందులోనే. ఆ తర్వాత ఒక్క రూపాయి ఎక్కువ అడగడు. తగ్గించమని బతిమాలినా తగ్గించడు, అది వేరే సంగతి.

పుట్టినప్పటి నుంచి ఇదే చూసినదాన్ని కాబట్టి, లోకంలో రేటు అంటే అన్నీ కలిపే చెబుతారని నమ్మాను. కిరాణా కొట్టులో, ఆటోలో, బట్టల దుకాణంలో మోసపోయినా ఆ నమ్మకం మాత్రం పోలేదు. చివరికి సాఫ్ట్‌వేర్ దగ్గర పోయింది.

నేను ఇంటికి పెద్దబిడ్డను. నన్ను ముడిమ్యాలలో ఇచ్చారు. మా ఆయన క్యారెట్, టమాటా పండిస్తాడు. ముడిమ్యాల నుంచి చేవెళ్లకు స్కూటీ మీద ఎంతసేపు? పెళ్ళైన కొత్తలో పొద్దుపోక దుకాణానికి వచ్చి కూర్చునేదాన్ని. అట్లా కూర్చుంటూ ఉండగానే నా కొడుకు పదో తరగతికి వచ్చాడు. బుకింగులు రాసేది నేనే, పనివాళ్ళకు ఫోన్లు చేసేది నేనే, చిరిగిన పర్దాలు కుట్టించేది నేనే, పెళ్ళయ్యాక ముఖం చాటేసేవాళ్ళ ఇంటి ముందు నిలబడి బాకీ అడిగేది కూడా నేనే. మొహమాటం నాకు పుట్టుకతోనే లేదు. అది మా తమ్ముడికి పోయింది.

ఒక ఏడాది పెళ్ళిళ్ళ కాలంలో బాపు మోకాళ్ళు మొండికేశాయి. అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్ చూడటానికి పోయి, సగం తిరిగి, మామిడిచెట్ల మధ్య రాయి మీద కూలబడ్డాడు. మిగతా సగం నన్ను తిరిగి రమ్మని, నేను చెప్పింది విని అంకె చెప్పాడు. ఈ సంగతి నగరంలోని ఒక ఈవెంట్ కంపెనీ వాళ్ళకు ఎట్లా తెలిసిందో ఏమో, వారం తిరగకుండా వచ్చారు. మా సామాను, గోదాము, దుకాణం అన్నీ కిరాయికి తీసుకుంటారట. నెలనెలా డబ్బు బ్యాంకులో పడుతుందట. మా తమ్ముడికి ఆ మాట నచ్చింది. వాడు చందనవెల్లిలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. చెడ్డవాడు కాదు, బాపును ఇంకా కష్టపెట్టొద్దన్నదే వాడి బాధ. పైగా ఆ కంపెనీ వాళ్ళకు సాఫ్ట్‌వేర్ ఉందని, ఏ చెంచా ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుందని మురిసిపోతూ చెప్పాడు.

మాకేముంది? నా జ్ఞాపకం ఉంది. అది ఆ వైశాఖంలోనే మా పరువు తీసింది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు కూర్చునే ఎర్ర మఖ్మల్ కుర్చీల జత మాకు ఒక్కటే ఉండేది. దాన్ని ఒకే రోజు మొయినాబాద్‌లో ఒక పెళ్ళికి, చేవెళ్లలో ఒక రిసెప్షన్‌కు ఇస్తానన్నాను. మొయినాబాద్ పెళ్ళిలో ఫోటోలు అయిపోతేనే కుర్చీలు కదులుతాయి. మా పనివాళ్ళు ఇద్దరు స్టేజీ వెనక చేతులు కట్టుకొని నిలబడ్డారు. ఫోటోగ్రాఫర్ ఒక్కో చుట్టాన్ని పిలుస్తుంటే, మా వాడొకడు పెళ్ళికొడుకు చెవి దగ్గరికి వంగి, అన్నా జర లేస్తవా అన్నాడట. ఆల్బమ్‌లో సగం ఫోటోల్లో మా వాళ్ళ ముఖాలే ఉన్నాయి. ఆ పెళ్ళివాళ్ళు ఇప్పటికీ మమ్మల్ని చూసి నవ్వుతారు కానీ ఆ రోజు నాకు చెమటలు పట్టాయి.

నాకు ఆ దుకాణం కావాలి. ఇందులో దాచేదేం లేదు. షామియానా విప్పినప్పుడు లేచే దుమ్ము వాసన కూడా నాకు ఇష్టం. ఎవరో కిరాయికి తీసుకొని బోర్డు మారుస్తారంటే నాకు అన్నం సహించలేదు. బాపు ఈవెంట్ కంపెనీకి శ్రావణం రాకముందే జవాబు చెబుతానన్నాడు. నన్ను పిలిచి, నడిపేటట్లయితే ఏమేం కావాలో చెప్పమన్నాడు. నేను ముందూ వెనకా చూడకుండా సాఫ్ట్‌వేర్ అన్నాను.

అంతకు ముందు రోజే నగరంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేశాను. అవతలి మనిషి చాలా మెత్తగా, సంవత్సరానికి ఇరవై నాలుగు వేలు మేడమ్ అన్నాడు. నేను అదే అంకె ఇంట్లో అందరి ముందూ చెప్పాను. పెళ్ళివాళ్ళను అడిగినట్టే బాపు నన్ను అడిగాడు.

"గంతేనా? ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు బాపు. గంతే."

వంటింట్లోంచి అమ్మ, ఫ్రిజ్ కన్నా అగ్గువే కదా, ఇన్నాళ్ళు ఎందుకు తేలేదని అడిగింది. తమ్ముడి పెదవి పక్కకు వంగడం మాత్రం నేను చూశాను. మా ఇంట్లో అంకె చెప్పడమంటే మామూలు సంగతి కాదు. చెప్పిన అంకె మీద నిలబడలేని మనిషి టెంట్‌హౌస్ నడపలేదన్నది బాపు లెక్క. అంటే నా దుకాణం మొత్తం ఆ ఇరవై నాలుగు వేల మీద నిలబడింది.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. బోనాలకు రెండు మూడు టెంట్లు తప్ప మిగతా సామానంతా గోదాములోనే ఉంటుంది. అందుకని డబ్బు కట్టకముందు కొన్నాళ్ళు వాడి చూడమని ఆ కంపెనీ మనిషి అంటే, ఇదే సమయమని మొదలుపెట్టాను. అప్పటి నుంచి రోజుకొక కొత్త సంగతి బయటపడింది. ఇరవై నాలుగు వేల మీద జీఎస్టీ వేరే. ఆ రేటు ఒక్క మనిషికే. దుకాణంలో నేను, గోదాములో ఒకరు, డీసీఎం దగ్గర ఒకరు వాడాలంటే ముగ్గురికి కట్టాలి. నేర్పించడానికి వాళ్ళ మనిషి వస్తే రోజుకింత. మా సామానంతా అందులో ఎక్కించాలంటే ఇంకింత. ఆయన ప్రతి మాట చివర ఎంతో మర్యాదగా "సపరేట్ మేడమ్" అనేవాడు. రెండో వారానికి ఆ మాట వినబడితే చాలు, నాకు చెవుల్లోంచి పొగలొచ్చేవి.

గోదాముకు కొత్త ఫోన్ కావాల్సి వచ్చింది. అక్కడున్న ఫోన్‌లో ఆ యాప్ తెరుచుకోవడానికి పట్టే టైంలో డీసీఎం నింపి పంపించొచ్చు. ఆ తర్వాత స్టిక్కర్లు. ప్రతి గంజుకూ గీతల స్టిక్కర్ అంటించి, ఫోన్‌తో చూపిస్తే అది ఎక్కడికి పోయిందో తెలుస్తుందన్నారు. నేనూ, అమ్మా కూర్చొని ఒక పొద్దంతా అంటించాం. గంజులు బోనాల విందుకు పోయి తిరిగొచ్చాయి. గిన్నెలు తోమే ఆడవాళ్ళు వాటిని నా ముందు వరసగా బోర్లించారు. అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్క స్టిక్కరూ లేదు.

"ఏందో జిగట అంటుకున్నదక్క. గోళ్ళతోటి గీకి గీకి తీసినం" అని వాళ్ళలో పెద్దామె గొప్పగా చెప్పింది.

ఇంత శుభ్రంగా వాళ్ళు ఎప్పుడూ తోమలేదు. నేను నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. నన్ను చూసి వాళ్ళూ, వాళ్ళను చూసి అమ్మా, అందరం కడుపులు పట్టుకొని నవ్వాం. నవ్వు అయిపోయాక లెక్క మిగిలింది. స్టిక్కర్లు పనికిరావు, రేకు బిళ్ళలు కొట్టించి రివెట్ వేయాలి. అది కూడా సపరేట్.

అన్నిటికన్నా ఎక్కువ ఒళ్ళు మండింది మాత్రం ఇంకోనాడు. మా వాడకట్టులో ఒక పెద్దమనిషి పోయాడు. చావు జరిగిన ఇంటికి టెంటు, కుర్చీలు అడగకముందే పంపడం మా దుకాణం పద్ధతి. రేటు ఉండదు, బయానా అనే అడ్వాన్సు ఉండదు, పేరు రాసుకోవడం ఉండదు. ఎవరిల్లయినా అంతే. ఆ పొద్దున గోదాములో మా వాడు ఫోన్ పట్టుకొని నిలబడిపోయాడు. రేటు గడి నిండకపోతే, బయానా గడి నిండకపోతే సామాను బయటికి పోనీయనంటుంది ఆ యాప్. సున్నా కొడితే ఎర్రగా అవుతుంది. ఫోన్ పక్కన పడేసి బండి ఎత్తమని అరిచాను. తర్వాత కంపెనీ మనిషికి ఫోన్ చేసి అడిగాను. తమ దాంట్లో అట్లాంటి ఏర్పాటు లేదని, పెట్టించుకోవచ్చని, దాని డెవలప్‌మెంట్ చార్జీ మాత్రం సపరేట్ అని ఆయన చెప్పాడు. చావుకు కూడానా అన్నాను. ఆ తర్వాత ఏమేమన్నానో ఇక్కడ రాయను. అమ్మ లేచి వీధి తలుపు మూసింది.

తమ్ముడికి పండగైంది. రోజూ డ్యూటీ దిగాక ఫోన్ చేసి, పలకరింపు కూడా లేకుండా, "అక్కా, గంతేనా? ఇంకేమన్న ఉన్నదా?" అనేవాడు. తిట్టి పెట్టేసేదాన్ని. బాపు మాత్రం ఒక్క మాట కూడా అడగలేదు. అదే నాకు ఎక్కువ గుబులు పుట్టించింది. ఆషాఢం కరిగిపోతోంది, నేను చెప్పిన అంకె ఎప్పుడో కొట్టుకుపోయింది. ఈవెంట్ కంపెనీ మనిషి ఆలోచించారా పెద్దాయనా అంటూ ఒకటికి రెండుసార్లు ఫోన్ చేశాడు.

అట్లాంటి రోజుల్లో శ్రావణంలో పెళ్ళి పెట్టుకున్న ఒక తల్లీ కొడుకూ దుకాణానికి వచ్చారు. వేరే టెంట్‌హౌస్‌లో మా కన్నా చాలా తక్కువ చెప్పారని, మా దగ్గరెందుకు ఇంత ఎక్కువని ఆ తల్లి నిలదీసింది. వాళ్ళు చెప్పిన దాంట్లో హమాలీ ఉందా, డీజిల్ ఉందా, విరిగినవాటికి తర్వాత పట్టుకుంటారా అడిగి రమ్మన్నాను. "వాళ్ళు చెప్పింది టెంటు రేటమ్మా. మేం చెప్పేది పెండ్లి రేటు" అన్నాను. ఆమెకు అర్థమై బయానా ఇచ్చి పోయింది. ఆ నోట్లు గల్లాపెట్టెలో వేస్తుంటే నాకు తట్టింది. ఇరవై నాలుగు వేలు టెంటు రేటు. పెళ్ళి రేటు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. ఊరందరికీ చెప్పే మాట నాకు నేను చెప్పుకోలేదు.

మర్నాడు స్కూటీ తీసి, బాపు చేసినట్టే జాగ చూడటానికి బయలుదేరాను. గోదాములో ఫోన్ ఎక్కడ చార్జింగ్ పెట్టాలో చూశాను, అక్కడ ప్లగ్గే లేదు. తెల్లారకముందే సామాను ఎక్కించేటప్పుడు చేతులు ఖాళీగా ఎవరికి ఉంటాయో చూశాను, ఎవరికీ ఉండవు. అజీజ్‌నగర్‌లో మేం ఎక్కువగా పోయే ఫామ్‌హౌస్‌కు పోతే, సిగ్నల్ గేటు దగ్గరే వస్తుందని, లోపల రాదని అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. ఆయన కూడా ఇంటికి ఫోన్ చేయాలంటే గేటు ఎక్కి కూర్చుంటాడట. అయితే లెక్క చూసుకోవడం గేటు దగ్గరే అయిపోవాలి, దానికి బండి కొంచెంసేపు ఆగాలి, ఆగితే డ్రైవర్‌కు ఇవ్వాలి. ఇవన్నీ రాసుకుంటూ తిరుగుతుంటే, చాలా రోజుల తర్వాత నాకు హుషారొచ్చింది. వానలో తడిసి ఇల్లు చేరాను, అయినా పాటలు పాడుకుంటూనే చేరాను.

అప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషిని దుకాణానికి పిలిపించాను. చూస్తే నా తమ్ముడి వయసు కూడా లేదు, నేను తిడతానని ముందే బిక్కుబిక్కుమంటున్నాడు. కూర్చోబెట్టి, వేడివేడి మిర్చీ బజ్జీలు పెట్టి, చాయ్ పోయించాను. తర్వాత వరసగా అడిగాను. సామాను ఎవరు ఎక్కిస్తారు, తప్పెక్కితే ఎవరు సరిచేస్తారు? ముహూర్తం నాడు అది మొండికేస్తే ఎవరొస్తారు, ఆదివారమైనా వస్తారా? చావింటి గడి ఎంతలో అవుతుంది, ఒక్కసారేనా, ఏటేటా కట్టాలా? ఆయన రాసుకుంటూ, నడుమ నడుమ వాళ్ళ సారుకు ఫోన్ చేస్తూ జవాబులు చెప్పాడు. చివరిగా, పెళ్ళయ్యాక టెంటు ఎవరు విప్పాలని అడిగాను. ఏ టెంటు మేడమ్ అన్నాడాయన.

మీది మాకు నచ్చక రేపు మానేశామనుకో, మా బుకింగులు, మా ఖాతాదారుల పేర్లు, మా బాకీలు మాకు తిరిగి ఎవరిస్తారు, ఎట్లా ఇస్తారు, దానికెంత అని విడమరిచి చెప్పాను. ఇంతవరకు ఎవరూ ఇది అడగలేదని ఒప్పుకొని మళ్ళీ సారుకు ఫోన్ చేశాడు. ఆ జవాబు కాగితం మీద కావాలన్నాను, ఇచ్చాడు. లేచి పోతూ పోతూ గడప దగ్గర ఆగి, మీరు ఒకటి మరిచిపోయారు మేడమ్ అన్నాడు. రెండో ఏడాది రేటు పెరుగుతుంది, ఎంతకు మించకూడదో ఇప్పుడే రాయించుకోమని ఆయనే చెప్పాడు. అంతకుముందు అన్న మాటలన్నిటికీ నాకు సిగ్గేసింది. మిగిలిన మిర్చీలు పొట్లం కట్టి ఇచ్చాను.

ఆ తర్వాత రెండు రోజులు కూర్చొని లెక్క కట్టాను. కొత్తలో పని రెండింతలవుతుంది, కాగితం మీదా రాయాలి, ఫోన్‌లోనూ కొట్టాలి. అందుకని శ్రావణంలో కొన్ని బుకింగులు వదులుకోవాలి, ఆ పోయే డబ్బు కూడా వేశాను. ఫోన్లు, ప్లగ్గు, రేకు బిళ్ళలు, రివెట్లు కొట్టేవాడి కూలి, గోదాము మనిషికి నేర్చుకునే రోజుల జీతం, గేటు దగ్గర ఆగినందుకు డ్రైవర్‌కు, చావింటి గడికి, రెండో ఏటి పెరుగుదలకు, అన్నిటికీ వేశాను. ఎర్ర మఖ్మల్ కుర్చీలు ఇంకో జత కొందామని కూడా అనిపించింది, కానీ సాఫ్ట్‌వేర్ కింద కుర్చీలు రాయడానికి చేయి రాలేదు. మొత్తం చూస్తే మొదట చెప్పినదానికి దగ్గర దగ్గర నాలుగింతలైంది.

ఆషాఢం చివరి ఆదివారం తమ్ముడు ఇంటికొచ్చాడు. బాపు మంచం మీద కాళ్ళు చాపుకొని, మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. ఇక దాచి లాభం లేదు. నేను చెప్పిన అంకె తప్పని, అది టెంటు రేటని, ఇది పెళ్ళి రేటని చెప్పి కొత్త అంకె వినిపించాను. ఈ ఆషాఢమంతా వెక్కిరించిన తమ్ముడు ఇప్పుడు ఏమంటాడోనని చూస్తే, వాడు నా చేతిలో కాగితం తీసుకొని పైనుంచి కిందికి చదివాడు. వాళ్ళ ఫ్యాక్టరీలో కూడా మిషన్ ధర కన్నా దాన్ని నిలబెట్టి నడిపించడానికే ఎక్కువవుతుందని, ఆ ఈవెంట్ కంపెనీ వాళ్ళు మనతో ఇంత వివరంగా ఏదీ చెప్పలేదని మెల్లగా అన్నాడు. నేను నమ్మలేక వాడి ముఖం చూశాను.

బాపు అడగడం మొదలుపెట్టాడు. వాన పడితే ఫోన్లు తడవవా? కవర్లు వేశాను. గోదాము మనిషి మానేస్తే? ఇంకొకరికి నేర్పే ఖర్చు వేశాను. పెళ్ళిళ్ళ కాలంలో ఆగిపోతే? ఆదివారం కూడా వస్తామని రాయించుకున్నాను. ప్రతి ప్రశ్నకూ నా దగ్గర జవాబుంది. అమ్మ స్టవ్ కట్టేసి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. చివరికి బాపు కాగితంలో ఉన్న ఖర్చులన్నీ మళ్ళీ చదవమని తమ్ముడికి చెప్పాడు. వాడు చదివాడు. బాపు కళ్ళు మూసుకొని విని, తెరిచి, నా వైపు చూశాడు.

"అందరి కూలి ఏసినవ్ బిడ్డ. నీదేది?"

నాదా అన్నాను. ఆ సామానంతా ఫోన్‌లో ఎక్కించేది ఎవరు, గోదాము మనిషికి రోజూ చెప్పేది ఎవరు, రెండుసార్లు రాసేది ఎవరని అడిగాడు. నేనే అన్నాను.

"నాకెందుకు బాపు? ఇంటి మనిషినే గద."

"ఇంటి మనిషిని ఇడిసిపెట్టి చెప్తె గది పూర రేటెట్లయితది? ఇన్నేండ్లు నేను గిట్లనే తప్పు చెప్పిన. రాయి."

కలం తీసుకున్నాను కానీ కాగితం కనబడలేదు, కళ్ళ నిండా నీళ్ళు. తమ్ముడు నా చేతిలోంచి కలం లాక్కొని, ఎంత రాయాలని అడిగాడు. బాపు నెలకింతని ఒక అంకె చెప్పాడు. అది గోదాము మనిషి జీతం కాదు, మేనేజర్ జీతం. వాడు రాసి, కింద మొత్తం కొట్టేసి కొత్త మొత్తం వేశాడు. ఇంకా పెరిగింది. బాపు దాన్ని ఒకసారి చూసి, తలగడ కింద నుంచి ఫోన్ తీసి, ఈవెంట్ కంపెనీ మనిషికి కలిపాడు.

"దుకాణం కిరాయికి లేదు సారు. మా బిడ్డ నడుపుతది."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు నా తల మీద ఒక మొట్టికాయ వేసి, ఇక నుంచి సాయంత్రాలు ఎవరికి ఫోన్ చేయాలని అడిగాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. నా పెళ్ళినాడు కూడా అంత సంతోషపడలేదు. ముడిమ్యాలకు పోయాక ఆ మాటే మా ఆయనతో అంటే, ముందు మూతి ముడుచుకొని, తర్వాత జీతమెంతని అడిగాడు.